పడమటి అద్దాల గోడకు లెక్క అడగండి

సంపాదకులు గారికి,

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు లేస్తున్న ఆఫీసు భవనాలు చాలావాటికి నాలుగు దిక్కులా ఒకటే అద్దం. ఎండ ఎటు కొడుతుందన్న ఆలోచన వాటి నక్షాలో కనిపించదు. అయినా కొన్నింటి గేటు దగ్గర హరిత భవనం అన్న ఫలకం మెరుస్తూ ఉంటుంది. ఆ ఫలకాలు ఎక్కువగా డిజైన్ దశలో కంప్యూటర్ మీద వేసిన లెక్కను బట్టి వచ్చినవే. మనుషులు చేరి, ఏసీలు నడవడం మొదలయ్యాక ఏడాదికి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో ఎవరూ బయటపెట్టరు. అనుమతులిచ్చే అధికారులూ, అద్దెకు దిగే కంపెనీలూ ఆ అంకెను గట్టిగా అడగాలని మా విన్నపం.

ముందు పడమటి గోడ సంగతి చూద్దాం. హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ దక్షిణం కిటికీకి 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ పోస్తే, మార్చి 21 మిట్టమధ్యాహ్నం దాని నీడ 1.9 మీటర్ల దాకా దిగి కిటికీని పూర్తిగా కాస్తుంది. అదే సన్‌షేడ్ పడమరన ఉంటే? ఏప్రిల్ చివర్లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 35 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. నీడ 40 సెంటీమీటర్లు దాటితే గొప్ప. అందుకే పడమరన సన్‌షేడ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పెద్ద ఫలితం ఉండదు. అక్కడ నిలువు ఫిన్లో (గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే నిలువు పలకలు), జాలీనో కావాలి. అంతకన్నా మేలు మెట్లు, లిఫ్టులు, టాయిలెట్లు, ఎలక్ట్రికల్ గదులు అన్నీ ఆ వైపుకు నెట్టి గట్టి గోడ కట్టేయడం. నక్షా గీసేటప్పుడు దీనికి పైసా ఖర్చు లేదు. గోడలు లేచాక చేద్దామన్నా కుదరదు.

పది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న పడమటి అద్దం మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. మామూలు 6 మిల్లీమీటర్ల తెల్ల అద్దం అందులో 82 శాతం వేడిని లోపలికి వదులుతుంది. అంటే దాదాపు 14.8 కిలోవాట్లు, ఆ ఒక్క గోడ కోసమే 4.2 టన్నుల ఏసీ కావాలి. ఇంధన పొదుపు భవన కోడ్ 2017 సంచిక మన వాతావరణానికి విధించిన పరిమితి 27 శాతం. అంత వేడినే వదిలే అద్దం వేస్తే 1.4 టన్నులతో సరిపోతుంది. గోడ విస్తీర్ణంలో అద్దం 40 శాతం దాటకూడదన్నదీ ఆ కోడ్‌లోదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 2014లో, ఈ కోడ్ పాత సంచికను భవన నియమాల్లోకి తెచ్చారు. కాబట్టి నియమం లేదని ఎవరూ అనలేరు. సైట్‌లో చూసేవాళ్లే కరవు.

టెండర్‌లో రాసిన అద్దం ఒకటి, సైట్‌కు దిగేది ఇంకొకటి. ఖర్చు తగ్గించే పేరుతో, చూడ్డానికి అదే రంగులో ఉన్న చవక అద్దం వచ్చేస్తుంది. కంటికి తేడా తెలియదు. మధ్యలో ఖాళీ వదిలి రెండు అద్దాలు బిగించే డబుల్ గ్లేజింగ్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఎండను ఆపే పూత బయటి అద్దానికి లోపలి ముఖం మీద ఉండాలి. ప్యానెల్‌ను తిరగేసి బిగిస్తే, అంత డబ్బు పోసిన అద్దమే ఎక్కువ వేడిని లోపలికి పంపుతుంది. దీన్ని పట్టుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. అద్దం ముందు లైటర్ వెలిగించి కాస్త పక్క నుంచి చూస్తే రెండు అద్దాల నాలుగు ముఖాల్లో నాలుగు మంటలు కనిపిస్తాయి. పూత ఉన్న ముఖం నుంచి వచ్చే మంట మాత్రం వేరే రంగులో ఉంటుంది. బయటి నుంచి చూసినప్పుడు అది రెండోది కావాలి. ప్రతి అంతస్తులో నాలుగైదు ప్యానెళ్లు ఇలా చూడటానికి అరగంట చాలు.

అద్దం ఎక్కువుంటే పగలు లైట్లు అక్కర్లేదన్న వాదన కూడా నిలవదు. కళ్లలోకి ఎండ కొట్టగానే ఉద్యోగులు బ్లైండ్లు దించేస్తారు, ఆపైన రోజంతా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. బ్లైండు లోపలి వైపు ఉంది కనుక వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది.

ఇక పైకప్పు సంగతి. శ్లాబు మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ (వేడిని ఆపే గట్టి నురగ పలకలు) పరిచి, పైన తెల్ల చైనా మొజాయిక్ వేయడం అందరికీ తెలిసిన పనే. కానీ ఇన్సులేషన్‌ను ఫాల్స్ సీలింగ్ వైపు అతికిస్తే శ్లాబు కాలుతూనే ఉంటుంది. మామూలు థర్మోకోల్ అయితే నీళ్లు పీల్చుకుని పనికిరాకుండా పోతుంది. ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, మంచిదే. అయితే తెల్లటి కప్పు దుమ్ము పట్టిందంటే ఎండను తిప్పికొట్టలేదు. ఏటా ఫిబ్రవరిలో కడిగించే బాధ్యత ఎవరిదో నిర్వహణ ఒప్పందంలోనే రాయాలి.

ఏసీ లెక్క ఇంకా పాత పద్ధతిలోనే సాగుతోంది: 150 చదరపు అడుగులకు ఒక టన్ను. గోడ, కప్పు, అద్దం బాగుచేసి కూడా అదే సూత్రం వాడితే పొదుపంతా వృథా. అవసరానికి మించిన యంత్రం కాసేపు నడిచి ఆగిపోతుంది, గాలిలో తేమ తీయదు. ఉక్కగా ఉందని ఎవరో 20 డిగ్రీలకు తిప్పుతారు. ఏసీకి చల్లటి నీళ్లు తిప్పే పంపులదీ ఇదే తీరు. ప్రవాహాన్ని 80 శాతానికి తగ్గిస్తే పంపు కరెంటు దాదాపు సగమవుతుంది. అందుకోసం కొన్న వీఎఫ్‌డీని, అంటే పంపు వేగాన్ని మార్చే పరికరాన్ని, ఎవరో ఒకసారి మాన్యువల్‌లో 50 హెర్ట్జ్‌కు, అంటే పూర్తి వేగానికి, పెట్టి వదిలేస్తారు. చల్లటి నీళ్లు 7 డిగ్రీల దగ్గర వెళ్లి 12కు బదులు 9 దగ్గరే తిరిగొస్తున్నాయంటే, అవసరం లేని నీటిని తిప్పుతున్నట్టే.

చేయలేమన్న మాట మాత్రం ఒప్పుకోం. 2004లోనే హైటెక్ సిటీ దగ్గర పరిశ్రమల సంఘం సీఐఐ వారి హరిత వ్యాపార కేంద్రం నడిమి ముంగిలి, జాలీలు, గాలి గోపురాలు, కప్పు మీద తోటలతో లేచింది. పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో ఒకే భవనాన్ని రెండు సమ భాగాలు చేశారు. ఒక సగానికి మామూలు ఏసీ పెట్టి, రెండో సగానికి శ్లాబులోని గొట్టాల్లో చల్లటి నీళ్లు తిప్పే రేడియంట్ పద్ధతి వాడారు. రెండో సగం 34 శాతం తక్కువ కరెంటుతో నడిచింది. రెండు వైపులా విడిగా మీటర్లు పెట్టారు కాబట్టే ఆ అంకె చెప్పగలిగారు. విశాఖ, విజయవాడ లాంటి తేమ ఊళ్లలో దీన్ని గుడ్డిగా దించకూడదు. బయటి గాలి తేమను ముందే తీసి లోపలికి పంపకపోతే చల్లటి శ్లాబు నుంచి నీళ్లు కారుతాయి.

భవనాన్ని వాడుకోవడానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు అద్దం ఇన్‌వాయిస్‌ను, తయారీదారు పరీక్ష పత్రాన్ని తనిఖీ చేయాలి. చిల్లర్లు (ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రాలు), పంపులు, లైట్లు, ప్లగ్గులు, లిఫ్టులకు వేర్వేరు మీటర్లు తప్పనిసరి చేయాలి. పన్నెండు నెలలు నడిచాక చదరపు మీటరుకు వచ్చిన యూనిట్లను గేటు దగ్గర, ఆ ఫలకం పక్కనే రాయించాలి. భవనం కట్టేవాడు ఒకడు, బిల్లు కట్టేవాడు ఇంకొకడు కావడం వల్లే ఇదంతా ఇన్నాళ్లూ సాగింది. కాబట్టి అద్దెకు దిగే కంపెనీలు కూడా చదరపు అడుగు ధరతో పాటు గత ఏడాది యూనిట్ల లెక్క చూపించమని అడిగి, అది దాటితే ఎవరు భరించాలో ఒప్పందంలో రాయించుకోవాలి.

ఇట్లు,
కొందరు భవన ఇంధన ఆడిటర్లు,
హైదరాబాద్