మాన్యం వద్దు, పేర్లు కావాలి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది కళావంతుల కుటుంబం, అంటే గుడి సేవకి అంకితమైన దేవదాసీల ఇల్లు. గోదావరి డెల్టాలోని ఒక గుళ్లో మా పూర్వీకులైన ఆడవాళ్లు తరతరాలుగా స్వామి ముందు పాడారు, అభినయం పట్టారు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఈ సంగతి అల్లుళ్లకీ కోడళ్లకీ చెప్పని బంధువులు మాకింకా ఉన్నారు. నా ఉత్తరం వల్ల వాళ్ల ఇళ్లల్లో గొడవలు రావడం నాకిష్టం లేదు. తాతముత్తాతల ఊరి పేరు చెప్పుకోవడానికి ఇప్పటికీ జంకాల్సి వస్తోందంటే ఈ ఉత్తరం ఎందుకో మీకు సగం తెలిసినట్టే.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అమ్మ, పిన్ని, మేము, మా పిల్లలు అందరం కలిసి ఆ ఊరు వెళ్లాం. మాకది తీర్థయాత్రే. అమ్మమ్మ పుట్టిన ఇంటి స్థలంలో ఇప్పుడు ధాన్యం గోడౌన్ ఉంది. గుడి మాత్రం కళకళలాడుతోంది. కొత్త రంగులు వేశారు, గ్రానైట్ పరిచారు. ఫ్యాను రెక్కల మీద ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి, ట్యూబ్‌లైటు మీద కూడా ఉన్నాయి. (ఆ పేర్లు అడ్డొచ్చి వెలుతురు సగమే పడుతోందని మా పిల్లాడు నవ్వాడు.) అన్నేళ్లు ఆ గుళ్లో పాడినవాళ్ల పేరు ఒక్కటీ కనిపించలేదు. పూజారి గారు మర్యాదస్తులు. ఏ ఇంటివాళ్లమ్మా అని అడిగారు. అమ్మ చెప్పింది. ఆయన కాస్త ఆలోచించి, "పవళింపు సేవకి పాట ఉండేదని మా తాతగారు అనేవారు. ఇప్పుడు సీడీ పెడుతున్నాం" అన్నారు.

ఆ పాట పాడినవాళ్ల పేర్లు తెలుసుకోవాలని బయల్దేరాం. దారి లేకపోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. ఎవరికి ఏ మాన్యం (సేవకి ప్రతిఫలంగా ఇచ్చిన ఇనాం భూమి), ఏ సేవకి, ఎవరిచ్చారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు అని ఊరూరా విచారించి రిజిస్టర్లు రాయించింది. గుళ్లో పాడి ఆడినందుకు మాన్యం అనుభవించిన ఆడవాళ్లు కూడా వాటిలోకి ఎక్కారు. ఆడవాళ్ల పేర్లు కాగితం మీదికి రావడమే అరుదైన రోజుల్లో, సంగీతమే వృత్తిగా బతికిన ఆడవాళ్ల జాబితా ప్రభుత్వం చేతే తయారైందన్నమాట.

ఆ రిజిస్టర్ నకలు కోసం ఒక కార్యాలయానికి వెళ్తే అక్కడి ఉద్యోగి మొదట అడిగింది "ఎన్నెకరాలమ్మా?" అని. భూమి అక్కర్లేదు, పేర్లు చాలన్నాం. భూమి అక్కర్లేనివాళ్లు ఇనాం రిజిస్టర్ ఎందుకు అడుగుతారన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆ పుస్తకం కోసం వచ్చేవాళ్లంతా తగాదాలతోనే వస్తారు మరి. సర్వే నంబరు లేనిదే వెతకలేమన్నారు. మాకు తెలిసింది ఊరి పేరు, దేవుడి పేరు. అంతే. ఉత్త చేతులతో వచ్చేశాం.

పాత రోజులు తిరిగి రావాలని నేను కోరడం లేదు. ఆడపిల్లల్ని గుడికి అంకితం చేయడాన్ని 1947 చట్టం నిషేధించింది. మంచి పనే చేసింది. అంతకు ముందే, 1929లో, సేవతో ముడిపడిన ఆ మాన్యాలను సేవ నుంచి విడదీస్తూ ఇంకో చట్టం వచ్చింది. కానీ 1947 చట్టం అంకితంతో ఆగలేదు, గుడి ఆవరణలో వాళ్ల ఆటనీ నేరం చేసింది. దురాచారం పోవాల్సిందే. దాంతోపాటు విద్య కూడా ఎందుకు పోవాలో ఆనాడు గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. మా అమ్మమ్మ అప్పటికి పెళ్లీడు పిల్ల. ఆ తర్వాత ఆమె పాడింది వంటింట్లోనే, అదీ తలుపు మూసుకుని.

తిరుగు ప్రయాణంలో అమ్మ కోరిక మీద కృష్ణా జిల్లా మొవ్వ వెళ్లాం. క్షేత్రయ్య పదాలు చాలావరకు ఆ మువ్వగోపాలుడి మీదే కదా. 17వ శతాబ్దపు పదాలు మనదాకా వచ్చింది ఒక్క తాటాకుల వల్లే కాదు. సాహిత్యం ఆకుల మీద నిలుస్తుంది. విలంబంలో, అంటే నెమ్మది నడకలో, ఒకే మాటని పదిరకాలుగా అభినయించడానికి వీలుగా ఆ పదాన్ని నడిపే తీరు మాత్రం గొంతులోనే ఉంటుంది. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంట ఆ గొంతు నిలిచింది. గాయనులు బృంద, ముక్త, నర్తకి బాలసరస్వతి ఆమె మనవరాళ్లే. మన దగ్గర బల్లిపాడు, మండపేట, మురమండ లాంటి ఊళ్లలో నిలిచింది. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు అక్కడి పెద్దవాళ్లని వెతికి పట్టుకుని, వాళ్ల ఆట నుంచే ఆంధ్రనాట్యానికి ఊపిరి పోశారు. ఆ పెద్దవాళ్లలో సరిదే మాణిక్యమ్మ గారి దగ్గర, అన్నాబత్తుల బులివెంకటరత్నం గారి దగ్గర బయటివాళ్లు వచ్చి నేర్చుకున్నారు. మొవ్వ మండలంలోనే ఉన్న కూచిపూడికి ప్రపంచమంతా పేరుంది, ఉండాలి కూడా. కానీ భామాకలాపం అనగానే అందరికీ కూచిపూడి భాగవతులే గుర్తొస్తారు. కళావంతులూ ఆ కలాపం ఆడేవారు. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో పిల్లలకి చెబితే పోయేదేముంది?

మంత్రి గారూ, మీ శాఖకి విగ్రహాల మీద ఉన్న మోజు ఈ విషయంలో చూపించకండి. రెవెన్యూ, దేవాదాయ శాఖల వాళ్లతో ఒకసారి కూర్చోండి. ఇనాం రిజిస్టర్లలో పాట, ఆట, మేళం సేవల కింద ఉన్న పద్దులన్నీ తీయించి, ఊరి పేరుతో, గుడి పేరుతో వెతుక్కునేలా ఆన్‌లైన్‌లో పెట్టించండి. భూమి వివరాలు పెడితే తగాదాలొస్తాయనే భయం ఉంటే ఆ గడులు మూసేయండి, మాకు అభ్యంతరం లేదు. ఇష్టపడిన గుళ్లలో ఆ పేర్లతో ఒక పలక పెట్టించండి. బతికున్నవాళ్ల సంగతి మాత్రం ముందు మా ఇళ్లవాళ్లని అడిగి, ఒప్పుకుంటేనే బయటపెట్టండి. ఎందుకో పైన చెప్పాను.

వీటన్నిటికంటే తొందరగా కావాల్సింది రికార్డింగ్. ఈ పదాలు వచ్చినవాళ్లకి ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు. వాళ్లని స్టేజీ ఎక్కించి శాలువా కప్పి పది నిమిషాల్లో దింపేయొద్దు. ఒక మనిషిని, మంచి మైకుని ఇంటికి పంపండి. పాడించండి, ఆపి అడగండి, మళ్లీ పాడించండి. మా అమ్మ పాడే పదంలో అనుపల్లవి పుస్తకంలో ఉన్నట్టు నడవదు. ఏది సరైనదో తేల్చడం పండితుల పని. ముందు రెండూ చేతిలో ఉండాలి కదా.

అమ్మ గొంతు ఇంకా బాగానే ఉంది. మీవాళ్లు ఎప్పుడొస్తామన్నా సిద్ధమే. మధ్యాహ్నం మాత్రం వద్దంటోంది, భోజనం చేశాక శ్రుతి నిలవదట. తంబూరా మా దగ్గరే ఉంది, శ్రుతిపెట్టె తేవక్కర్లేదు.

ఇట్లు,
ఒక కళావంతుల ఇంటి మనవరాలు