పాపిట పలచబడితే నేరుగా నాట్లేనా?

సంపాదకులకు,

మెట్రో దిగిన ప్రతిచోటా కనిపించే జుట్టు నాటే ప్రకటనల్లో మగవారి బట్టతలలే తప్ప, నలభై దాటాక పాపిట వెడల్పై, జడ చిటికెన వేలంత సన్నబడిన నాలాంటివారికి పనికొచ్చే మాట ఒక్కటీ ఉండదు. నిరుడు అమీర్‌పేటలోని ఒక క్లినిక్‌లో రక్తపరీక్ష ఊసైనా ఎత్తకుండా నాట్లకు అడ్వాన్సు కట్టమన్నారు. తర్వాత చూపించుకున్న చర్మవైద్యురాలు థైరాయిడ్, ఐరన్ పరీక్షలు చేయించి రక్తహీనత ఉందని తేల్చారు. నాటే వెంట్రుకలను సాధారణంగా తల వెనుక నుంచే తీస్తారు కనుక, అక్కడా పలచబడిన ఆడవారికి ఆ శస్త్రచికిత్స కుదరదనీ, జుట్టు పెరగడానికి రాసే మినాక్సిడిల్ మందు వాడినా ఫలితానికి నెలల తరబడి ఆగాలనీ, మానేస్తే మళ్లీ రాలుతుందనీ ఆవిడే వివరించారు. శిక్షణ పొందిన వైద్యులే జుట్టు నాటాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. క్లినిక్‌లో నాతో బేరమాడినవారు మాత్రం వైద్యులు కారు.

ఇప్పుడు నడినెత్తిన క్లిప్పులతో టాపర్ (పలచబడిన చోటును కప్పే విగ్గు ముక్క) పెట్టుకుంటున్నాను. ఎండాకాలం దాని కింద చెమట, దురద తప్పవు. గాలి వీస్తే చేయి దానంతటదే తల మీదికి పోతుంది. (మా అమ్మమ్మ సవరాన్ని అందరి ముందే దండెం మీద ఆరేసేది.) క్లినిక్ గుమ్మంలోనే వైద్యుల రిజిస్ట్రేషన్ నంబరు, ఖర్చు రాసిన బోర్డు పెట్టించవలసిందిగా వైద్యాధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్