మెస్ తెరిచాం, రేటు 10 పెరిగింది, బ్యాంకాక్ సంగతులు కూడా ఉన్నాయి

మన మెస్ సోమవారం నుంచి మామూలుగా నడుస్తోంది. షట్టర్ మీద "ఊరికి వెళ్తున్నాం" అని రాసిపెట్టి పోయాం కానీ ఏ ఊరో రాయలేదు. మిర్యాలగూడలో ఏదీ దాగదు కదా, తిరిగొచ్చేసరికి మిల్లుల్లో హమాలీలకు కూడా తెలిసిపోయింది. బ్యాంకాక్ పేరు వినగానే ముసిముసిగా నవ్వుతున్న అన్నలందరికీ ఒకటే మాట: నేను వెళ్ళింది మా ఆవిడతో, మా బావమరిది వాళ్ళతో. నవ్వు ఆపి చదవండి.

ముందు అసలు సంగతి. ప్లేటు భోజనం ఇక నుంచి 10 రూపాయలు ఎక్కువ. "టూర్ ఖర్చు మా మీద వేస్తున్నాడు" అని అప్పుడే ఒకరిద్దరు అన్నారు. అది కాదు. నూనె, పప్పు, వంటవాళ్ళ జీతం చూసుకుని పోకముందే అనుకున్నాం. రేటు పెంచి తెల్లారే విమానం ఎక్కితే బాగుండదని ఆగాం, అంతే.

రెండోది, కూరలు తగ్గిస్తున్నాం. ఇన్నాళ్ళూ గిన్నెలు వరసగా పెట్టి, మధ్యాహ్నం మూడింటికి సగం పారబోసేవాళ్ళం. ఇకపై పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు కూర, రోటి పచ్చడి, చారు, పెరుగు. ఆదివారం కోడికూర ఎప్పటిలాగే. ఈ ఆలోచన చాలాకాలంగా ఉంది కానీ ధైర్యం మాత్రం అక్కడే వచ్చింది. యావరాత్ అని బ్యాంకాక్‌లో చైనా వాళ్ళ బజారు ఉంది. పొద్దు గూకితే రోడ్డు పొడవునా బండ్లే. ఒక్కో బండి మీద ఒక్కటే వంటకం. నూడుల్స్ చారు చేసేవాడు అదే చేస్తాడు, మామిడిపండుతో తియ్యటి అన్నం అమ్మే ఆమె అదే అమ్ముతుంది. "ఇంకేం ఉన్నాయి" అని అడిగేవాళ్ళే లేరు, జనం మాత్రం క్యూలో ఉన్నారు. (సోమవారం పోకండి, చాలా బండ్లకు సెలవు.)

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది సోమ్ తమ్ బండి. పచ్చి బొప్పాయి కోరుతో చేస్తారు. బండి నడిపే ఆమె ముందు మట్టి రోలు, చేతిలో చెక్క రోకలి. వెల్లుల్లి, మిరపకాయలు వేసి రెండు పోట్లు. తర్వాత తాటి బెల్లం, నిమ్మరసం, చేపల సాస్. ఆ పైన బొబ్బర్లలాంటి పొడుగు కాయ ముక్కలు, టమాటా, బొప్పాయి, పల్లీలు. కుడి చేత్తో దంచుతుంటే ఎడమ చేతిలో గరిటె అడుగు నుంచి పైకి తిప్పుతూనే ఉంది. ముద్ద కానివ్వదు, ముక్కకు రసం పట్టేదాకే దెబ్బ. రోట్లో వేసేముందు ఎన్ని మిరపకాయలని వేళ్ళతో అడుగుతుంది. మా బావమరిది నల్లగొండ పౌరుషం కొద్దీ అయిదు వేళ్ళు చూపించాడు. చిన్న చిన్న కాయలే కదా అనుకున్నాడు. ఆ తర్వాత అరగంట మాట్లాడలేదు.

అది చూశాకే మా ఆవిడ తేల్చేసింది, మన పచ్చడి కూడా జనం ముందే నూరాలని. కాబట్టి మూడో మార్పు: పన్నెండు నుంచి రెండు దాకా రోలు హాల్లోనే ఉంటుంది. దోసకాయో, వంకాయో, పల్లీలో ఆ రోజు ఏదుంటే అది. కారం ఎంత కావాలో చెప్పండి, వేళ్ళు చూపించినా పర్వాలేదు.

నాలుగోది టేబుళ్ళ మీద స్టాండు. అక్కడ నూడుల్స్ కొట్టుల్లో ప్రతి టేబుల్ మీదా నాలుగు గిన్నెలు ఉంటాయి: చక్కెర, ఎండుమిరప కారం, చేపల సాస్‌లో మిరప ముక్కలు, వెనిగర్‌లో మిరప ముక్కలు. వండేవాడు మధ్యస్తంగా చేసిస్తాడు, తినేవాడు తనకు కావలసినట్టు కలుపుకుంటాడు. మన దగ్గర ఉప్పు తక్కువని ఒకరు, కారం ఎక్కువని పక్కాయన, రోజూ ఇదే పంచాయితీ. ఇక టేబుల్ మీద కందిపొడి, వెల్లుల్లి కారం, ఉప్పు, నిమ్మచెక్కలు ఉంటాయి. కొబ్బరిపాలు మాత్రం పప్పులో పోయను, భయపడకండి.

మిల్లుల వాళ్ళు బియ్యం గురించే అడుగుతున్నారు. అక్కడ మామూలు భోజనంలోకి వాసన బియ్యం, సన్నగా పొడుగ్గా ఉంటుంది, వండితే కొంచెం మెత్తన. దాన్ని స్పూను, ఫోర్కుతో తింటారు, చాప్‌స్టిక్ పుల్లలు నూడుల్స్‌కే. సోమ్ తమ్‌తో ఇచ్చేది వేరు, జిగురు బియ్యం. రాత్రంతా నానబెట్టి ఆవిరి మీద ఉడికించి చిన్న వెదురు బుట్టలో పెట్టిస్తారు. అందులో అమైలోజ్ అనే ఒక రకం పిండిపదార్థం దాదాపు ఉండదు కాబట్టి మెతుకు మెతుకు అతుక్కుంటుంది. చేత్తో చిదిమి, ముద్ద చేసి, నంజుకుని తింటారు. బాగుంది. కానీ రెండో రోజుకే సాంబ మసూరి అన్నం గుర్తొచ్చింది, దాచేదేముంది.

శనివారం నీసు ముట్టని వాళ్ళకు మాత్రం కష్టం. కూరగాయల వేపుడు అని తెచ్చినా అందులో చేపల సాస్ ఉంటుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే అక్కడ పూర్తి శాకాహారం, అయితే వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. మా ఆవిడ ఆ రోజు ఫాహురాత్‌లో పంజాబీల హోటల్లో రొట్టె, పప్పుతో సరిపెట్టుకుంది. ఆ బజారు మనవాళ్ళదే, బట్టల కొట్లు, గురుద్వారా అన్నీ ఉన్నాయి.

చూసినవి చాలానే ఉన్నాయి, రెండు చెప్తాను. 1782లో కట్టడం మొదలుపెట్టిన రాజభవనంలో గోడల నిండా రామాయణమే, 178 బొమ్మలు. వాళ్ళు రామకియన్ అంటారు. కథ మనదే కానీ అక్కడి హనుమంతుడు బ్రహ్మచారి కాదు, రావణుడి కూతురు మత్స్యకన్యతో ప్రేమాయణం కూడా ఉంది. ఇది విన్నప్పటి నుంచి మా ఆవిడ ఆ బొమ్మల వంక అనుమానంగానే చూసింది. వాట్ ఫో అనే గుడిలో పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. వెనక వైపు 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి, ఒక్కో దాంట్లో నాణెం వేసుకుంటూ పోవాలి. హాలంతా ఆ టింగుటింగు చప్పుడే. నది అవతలి ఒడ్డున వాట్ అరుణ్ అని ఇంకో గుడి, పడవలో దాటితే చాలు. సాగర్ పక్కన ఉండి నాగార్జునకొండ చూడనివాళ్ళం, బుద్ధుడి కోసం అంత దూరం పోయామని మా బావమరిది అన్నాడు, నిజమే.

వెళ్ళాలనుకునేవాళ్ళు అడుగుతున్నారు కాబట్టి: వీసా రూల్సు మారుతుంటాయి, టికెట్ కొనే ముందే చూసుకోండి. దిగే ముందు మూడు రోజుల్లో నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు ఉచితం, దానికి ఎవరు డబ్బులడిగినా ఇవ్వకండి. రాజభవనంలోకి నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లతో రానివ్వరు. "ఇవాళ ప్యాలెస్ బంద్, నేను వేరే గుడికి తీసుకెళ్తా" అని గేటు బయట ఎవరైనా అంటే వినకుండా లోపలికి నడవండి.

ఇక నెల కార్డులు ఉన్నవాళ్ళకు: మూసిన రోజులు లెక్కగట్టి కార్డు చివర కలుపుతాం, పాత రేటుకే. కార్డు అయిపోయాకే కొత్త రేటు. ఈ వారంలో కౌంటర్ దగ్గర కార్డు చూపించి తేదీ రాయించుకోండి, వచ్చేవారం రష్‌లో నాకు కుదరదు.