‘కాపీ’ అనే ముందు కాలం చూడాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

మృతుల పునరుత్థానం, అంతిమ తీర్పు, సాతానుతో పోరు వంటి భావనలన్నిటినీ యూదులు, వారి తరువాత క్రైస్తవులు, ప్రాచీన పారశీకుల మతమూ నేటి పార్సీల మతమూ అయిన జరతుష్ట్ర మతం నుంచి ‘కాపీ కొట్టారు’ అని గత ఆదివారం అనుబంధంలోని వ్యాసం తేల్చేసింది. పారశీక ప్రభావం లేదని నేను అనను. ఉందనే నా అభిప్రాయం. అయితే అది ఎంత, ఏ దారిన వచ్చింది అన్నది గ్రంథాల కాలాన్ని తూచి చెప్పవలసిన మాట.

వ్యాసకర్త ప్రధాన ఆధారం జరతుష్ట్ర మత గ్రంథమైన బుందహిషన్. యుగాంతంలో కొండల్లోని లోహం కరిగి నదిలా పారుతుందని, మనుషులందరూ అందులో నడిచి వెళ్లాలని, పుణ్యాత్ములకు అది గోరువెచ్చని పాలలా తగులుతుందని, పాపులను మాత్రం కాల్చేస్తుందని అందులో ఉంది. చదివినవారు మరిచిపోలేని వర్ణన అది. కానీ ఆ గ్రంథం ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీ.శ. 9వ శతాబ్దం నాటికి. మృతుల పునరుత్థానాన్ని చెప్పే, హెబ్రీ లేఖనాల్లోని దానియేలు గ్రంథం రూపుదిద్దుకున్నదేమో, ఎక్కువమంది పండితుల లెక్కలో, క్రీ.పూ. 165 ప్రాంతంలో. వెయ్యేళ్ల తరువాతి గ్రంథాన్ని చూపి ముందుదానికి ఇదే మూలమంటే ఎలా ఒప్పుకోగలం?

అలాగని ఆ నమ్మకమే కొత్తదనడం కూడా పొరపాటే. కరిగిన లోహపు పరీక్ష జరతుష్ట్ర మత పవిత్ర గ్రంథమైన అవెస్తాలోని అతి ప్రాచీన భాగమైన గాథల్లోనే కనిపిస్తుంది. రక్షకుడు వచ్చి లోకాన్ని కొత్తగా చేసినప్పుడు చనిపోయినవారు లేస్తారని అవెస్తాలోని స్తోత్రమైన జామ్యాద్ యష్ట్ చెబుతుంది. మనుషులు మళ్లీ జీవించి అమరులవుతారని మాగీలు (పారశీక పురోహితులు) నమ్ముతారని క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు థియోపాంపస్ రాసిన మాట తరువాతి రచనల్లో మనకు మిగిలింది. వ్యాసకర్త ఇవి చూపి ఉంటే ఆయన వాదానికే బలం చేకూరేది.

పరిచయానికి అవకాశమూ తక్కువేమీ కాదు. పారశీక చక్రవర్తి కోరెషు (సైరస్) క్రీ.పూ. 539లో బబులోనును గెలిచాడు. యెషయా 45వ అధ్యాయం ఆయనను యెహోవా ‘అభిషేకించిన’వాడు అంటుంది, అన్యజాతి రాజుకు అంతటి మాట హెబ్రీ లేఖనాల్లో మరెక్కడా దక్కలేదు. ఆ తరువాత సుమారు రెండు వందల ఏళ్లు యూదులు పారశీక పాలనలో ఉన్నారు. ప్రాచీన యూదు రచన అయిన తోబితు గ్రంథంలో సారా అనే స్త్రీ భర్తలను ఏడుగురిని చంపే దయ్యం అస్మోదియసు పేరు, అవెస్తాలో కోపానికి పేరైన ‘ఐష్మ దైవ’ (అక్కడ ‘దైవ’ అంటే దయ్యం) నుంచి వచ్చిందని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. సిలువ మీద యేసు పక్కనున్న నేరస్థుడితో పలికిన ‘పరదైసు’, మన తెలుగు బైబిలులో ఈనాటికీ చదువుకునే ఆ మాట, చుట్టూ గోడ కట్టిన తోట అనే పాత ఇరానీ పదమే.

మాట వచ్చినంత మాత్రాన నమ్మకం మొత్తం వచ్చిందనలేము. క్రీ.పూ. 2వ శతాబ్దంలో యూదులను ఏలిన గ్రీకు రాజు నాలుగవ ఆంటియోకస్ కాలంలో ధర్మశాస్త్రాన్ని విడవనందుకే యూదులను చంపారు. న్యాయంగా బతికినవాడికి ఈ లోకంలో న్యాయం దక్కకపోతే దేవుడు ఎప్పుడు దక్కిస్తాడు అన్న ప్రశ్న వాళ్ల నెత్తురులోంచి పుట్టింది. మంటిలో నిద్రించేవారు మేలుకొంటారన్న దానియేలు 12వ అధ్యాయం ఆ ప్రశ్నకు జవాబు. పారశీకుల నుంచి విన్న భావన ఆ జవాబుకు రూపం ఇచ్చి ఉండవచ్చు, కానీ ఆ వేదన వాళ్లదే. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దొరికిన ప్రాచీన యూదు గ్రంథపు చుట్టల్లోని ‘సమాజ నియమావళి’ని చూడండి. వెలుగు, చీకటి అనే రెండు ఆత్మల బోధ గాథల్లోని కవల ఆత్మలను వెంటనే గుర్తుచేస్తుంది. కానీ ఇక్కడ ఆ రెంటినీ సృష్టించినవాడు ఒక్క దేవుడేనని స్పష్టంగా రాశారు. తీసుకున్నదాన్ని తమ విశ్వాసానికి తగినట్టు మలచుకున్నవారి పని అది.

మన జంటనగరాల్లో పార్సీ కుటుంబాలూ, క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. ఒకరిని దొంగలుగా, మరొకరిని దోపిడీకి గురైనవారుగా చూపే మాట ఇద్దరి గ్రంథాలకూ అన్యాయం చేస్తుంది. బుందహిషన్ కాలాన్ని సరిచేస్తూ, ‘కాపీ’ అన్న పదాన్ని ఉపసంహరించుకుంటూ వచ్చే ఆదివారం ఒక వివరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, సికింద్రాబాద్