కలిసొచ్చిన అంకెను కూడా అనుమానించు

చిట్టితల్లీ,

నీ ఫీల్డ్‌వర్క్ రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఐదు చోట్ల ఏటి వెడల్పు, లోతు, వేగం కొలిచి, రాళ్లు కూడా ఏరి కొలిచారంటే మీ జట్టును మెచ్చుకోవాల్సిందే. నాలుగో చోటిదాకా అంతా అనుకున్నట్టే వచ్చి, చివరి చోట వేగం పడిపోయేసరికి నీకు టెన్షన్ పట్టుకుంది. "ఆ ఒక్క చోటు తీసేస్తే గ్రాఫ్ చక్కగా వస్తుంది నాన్నా" అన్నావు. తీసెయ్యకు తల్లీ. నీ రిపోర్టులో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే అంకె అదే.

ముందుగా, దిగువకు పోయేకొద్దీ ఏటి వేగం పెరుగుతుందన్న నీ పరికల్పనలో లోపమేమీ లేదు. ఎగువన ఏరు ఉరుకుతుందనీ, దిగువకు వచ్చేసరికి నెమ్మదిస్తుందనీ చాలామంది పొరపాటుగా అనుకుంటారు. నురగా చప్పుడూ చూసి వేగమని భ్రమపడతాం. 1953లో లియోపోల్డ్, మాడక్ అనే అమెరికన్ పరిశోధకులు ఎన్నో నదుల కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే, దిగువకు పోయేకొద్దీ సగటు వేగం సాధారణంగా కాస్త పెరుగుతూనే ఉంది. వాలు తగ్గే మాట నిజమే. కానీ ఉపనదులు కలిసి నీళ్లు పెరుగుతాయి, లోతు పెరుగుతుంది, అడుగున రాళ్లు చిన్నవై గరుకు తగ్గుతుంది. అడుగునూ గట్టునూ రాసుకుంటూ పారే నీటి వాటా తగ్గిపోతుంది. నీటి వేగాన్ని లెక్కగట్టడానికి మీ పుస్తకంలో ఉన్న మానింగ్ సూత్రం చెప్పేదీ ఇదే. మధ్యచ్ఛేద వైశాల్యాన్ని (ఏటిని అడ్డంగా కోస్తే కనిపించే నీటి వైశాల్యం) తడిసిన చుట్టుకొలతతో (ఆ కోతలో నీరు తాకే అడుగూ గట్లూ కలిపిన పొడవు) భాగిస్తావు కదా, ఆ విలువ రెట్టింపైతే, వాలూ గరుకూ మారకపోతే, వేగం సుమారు 1.6 రెట్లవుతుంది.

మరి చివరి చోట ఏమైంది? జవాబు నీ ఫీల్డ్ నోట్సులోనే, పేజీ అంచున చిన్న అక్షరాల్లో ఉంది: "మధ్యలో లోతు ఎక్కువ, దిగలేదు, ఒడ్డు పక్కన వదిలాం." దిగకపోవడమే మంచి పని. మోకాలు దాటిన నీళ్లలో కొలత కోసం ఎవరూ దిగకూడదు. అయితే దాని ఫలితం చూడు. వేగం కొలవడానికి నీళ్లలో వదిలే నారింజను ఎగువన ఏటి నడుమ వదిలారు, ఇక్కడ అంచున వదిలారు. ఒడ్డు పక్కన నీరు గట్టును ఒరుసుకుంటూ నెమ్మదిగా సాగుతుంది. అంటే నువ్వు ఎగువ ఏటి నడుమను దిగువ ఏటి అంచుతో పోల్చావు. "మానవ తప్పిదం వల్ల తేడా వచ్చి ఉండవచ్చు" అన్న వాక్యం కొట్టేసి ఈ సంగతి రాయి. ఏ కొలత, ఎందుకు, ఎటువైపు జరిగిందో చెబితేనే అది మూల్యాంకనం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. అడ్డొచ్చిన అంకెను అనుమానించావు, బాగుంది. కలిసొచ్చిన వాటిని అనుమానించావా? లోతు అంకెలు చూడు, ఎగువ నుంచి దిగువకు ముచ్చటగా పెరిగాయి. ఎగువన స్కేలు ఎక్కడ ఆనుతుంది? పెద్ద రాళ్ల నెత్తి మీద. రాళ్ల సందుల్లో ఉన్న నీరు లెక్కకు రాదు, లోతు తక్కువ చూపిస్తుంది. దిగువన మెత్తటి ఇసుక. కాస్త గట్టిగా నొక్కితే స్కేలు దిగబడుతుంది, లోతు ఎక్కువ చూపిస్తుంది. రెండు తప్పులూ నువ్వు కోరుకున్న వైపుకే జరిపాయి! దిగువకు లోతు పెరగడం నిజమే కావచ్చు, కానీ నీ గ్రాఫ్ చూపినంత పెరిగిందని చెప్పలేం. ఇంకొకటి, స్కేలు వెడల్పు వైపు ప్రవాహానికి ఎదురుగా పెడితే నీరు దాని మీదికి ఎగబాకుతుంది. సన్నటి అంచు ఎదురు పెట్టి చదవాలి. మీరు ఎలా పట్టుకున్నారో గుర్తుంటే రాయి.

నారింజ ఎంచుకోవడం మంచిదే. చాలావరకు మునిగి తేలుతుంది కాబట్టి గాలికి పెద్దగా కొట్టుకుపోదు. కాకపోతే అది చెప్పేది పైనీటి వేగం. 10 మీటర్లు 20 సెకన్లలో పోతే సెకనుకు 0.5 మీటర్లు. సగటు వేగం కావాలంటే మామూలుగా 0.85తో గుణిస్తారు, 0.425 వస్తుంది. గుణించడం మరిచిపోతే డిశ్చార్జి, అంటే సెకనుకు పారే నీటి పరిమాణం, అన్ని చోట్లా ఒకేలా ఎక్కువ వస్తుంది, వరుస మాత్రం మారదు. అలాంటి తప్పు పోలికను చెడగొట్టదు. ఒక్కో చోట ఒక్కోలా వచ్చే తప్పే ప్రమాదం. నిజానికి లోతు తక్కువై రాళ్లు ఎక్కువున్న చోట ఆ గుణకం ఇంకా తగ్గుతుంది, కాబట్టి ఇక్కడ కూడా కొంచెం జాగ్రత్త.

రాళ్ల మాటకొస్తే, చెయ్యి తెలియకుండానే నున్నటి, పెద్ద రాయి మీదికి పోతుంది. అందుకే 1954లో వోల్మన్ అనే పరిశోధకుడు చూపిన పద్ధతిలో, చూపు పక్కకు తిప్పి, వేలికి తగిలిన మొదటి రాయినే తీసి, మధ్య అక్షం (అన్నిటికంటే పొడవైనదీ పొట్టిదీ కాని నడిమి కొలత) కొలుస్తారు, అలా 100 రాళ్లు. మీరు చోటికి పదే తీశారు. అది దాచాల్సిన విషయం కాదు.

రెండు కొలతల వరుసలు ఎంతవరకు కలుస్తాయో చూసే స్పియర్‌మన్ లెక్క గురించి ఒక్క మాట. ఐదు చోట్లతో, రెండు వైపుల పరీక్షలో (సంబంధం పెరిగే వైపైనా తగ్గే వైపైనా ఉండొచ్చని చూసేది) 5 శాతం స్థాయి దాటాలంటే, అంటే ఇది కేవలం యాదృచ్ఛికం కాదని చెప్పాలంటే, ఐదూ తు.చ. తప్పకుండా వరుసలో ఉండాలి. ఒక్కటి తారుమారైతే చాలు, ఫలితం చేజారుతుంది. పది చోట్లు ఉంటే స్పియర్‌మన్ విలువ 0.648 వచ్చినా సరిపోయేది. అందుకని "సంబంధం లేదు" అని రాయకు. "ఇన్ని చోట్లతో తేల్చలేకపోయాం" అని రాయి. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

మళ్లీ వెళ్లే వీలుంటే చివరి చోట ఏటికి అడ్డంగా వంతెన ఏదైనా ఉందేమో చూడండి. దాని మీద నుంచి నడి ఏటిలో నారింజ వదిలి, వంతెన దాటాక దిగువన కొలవచ్చు, నీళ్లలో దిగే పని ఉండదు. వర్షం పడిన మర్నాడు మాత్రం వద్దు, పాత కొలతలతో పోల్చలేం.

తడిసి ముడతలు పడ్డ ఆ నోట్సు కాగితాలు పారెయ్యకుండా రిపోర్టు వెనక జత చెయ్యి. మూల్యాంకనం తిరగరాశాక నాకు పంపు, చదవాలని ఆత్రంగా ఉంది.

ప్రేమతో,
నాన్న