పెట్టె సంగతి తర్వాత, ముందు పొగగొట్టం చూడు బావా

నాషువా, న్యూ హాంప్‌షైర్
ఏప్రిల్ 12, ఆదివారం

ఒరేయ్ బావా,

ఉగాది రోజు ఫోన్లో "హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంది కదా, అందులో కట్టెల ఇన్సర్ట్ పెట్టిద్దామనుకుంటున్నాం, ఏది కొనమంటావ్?" అని అడిగావు. ఆ సందట్లో ఏదో ఒక కంపెనీ పేరు చెప్పేసి ఊరుకున్నాను. తర్వాత నాకే మనసొప్పలేదు. ఏ పెట్టె, అంటే ఏ ఇన్సర్ట్, అన్నది మూడో ప్రశ్న. మొదటిది చిమ్నీ, రెండోది కట్టెలు. నాలుగు చలికాలాలు మా ఇంటి ఇన్సర్ట్ ముందు కూర్చున్నవాణ్ణి కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. బయట మంచు కరిగి పెరడంతా బురద. ఈ మాటలకి ఇదే సరైన కాలం, ఎందుకో కింద చెప్తాను.

కొత్త ఇంట్లో మొదటిసారి మంట వేసుకున్నప్పుడు హాల్లో ముఖం కాలిపోతున్నా పడగ్గదులు చల్లబడ్డాయన్నావు చూడు, అది మీ ఇంటి లోపం కాదు. తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ అంతే. మంటకి కావలసిన గాలిని హాల్లోంచే లాక్కుంటుంది. మీ ఆయిల్ బాయిలర్ అంత ఖర్చుతో వెచ్చబరిచిన గాలే చిమ్నీ దారిన పైకి పోతుంది, దాని చోటులోకి కిటికీ సందుల్లోంచి చలిగాలి దూరుతుంది. ఈ బాధ పాతదే. మసాచుసెట్స్‌లో మీకు దగ్గర్లోని వూబర్న్‌లో 1753లో పుట్టిన బెంజమిన్ థాంప్సన్, అదే కౌంట్ రమ్‌ఫర్డ్, దీని మీద చాలా పని చేశాడు. పొయ్యి లోతు తగ్గించి, పక్క గోడల్ని ఏటవాలు చేసి, పొగ వెళ్లే గొంతు సన్నం చేశాడు. దానివల్ల గదిలోకి వేడి బాగా వచ్చింది గానీ, గాలి పైకి పోవడం మాత్రం పూర్తిగా ఆగలేదు.

ఇన్సర్ట్ అంటే ఆ ఇటుక గూట్లోకి దూర్చే ఇనప పొయ్యి. గాజు తలుపు బిగుతుగా మూసుకుంటుంది. ఎంత గాలి అందాలో ఒక మీటతో నువ్వే చెప్తావు. లోపల పైభాగంలో చిల్లుల గొట్టాలుంటాయి. వాటిలోంచి వేడెక్కిన గాలి దిగి, పొగలో మండకుండా మిగిలిన వాయువుల్ని మండిస్తుంది. బాగా రాజుకున్నాక చూడాలిరా, మంట కట్టెల్ని వదిలి జానెడు పైన తేలుతున్నట్టుంటుంది. అప్పుడు బయటికెళ్లి చిమ్నీ వైపు చూస్తే పొగ జాడ ఉండదు, వేడిగాలి అలలాడటం తప్ప.

ఇక చిమ్నీ. కొట్టుకెళ్లి ధరలు అడిగేముందే సర్టిఫికెట్ ఉన్న చిమ్నీ మనిషిని పిలిపించు. లోపలికి కెమెరా దించి చూడమను. దీన్ని ఇక్కడ లెవెల్ 2 తనిఖీ అంటారు, చిమ్నీ కింద కొత్త పొయ్యి పెట్టేటప్పుడు ఇది తప్పనిసరి. మా ఇంటికి మొదట వచ్చినతను కెమెరా ఊసే ఎత్తలేదు. "ఆరడుగుల గొట్టం ముక్క డాంపర్ (చిమ్నీ గొంతులో ఉండే మూత) దాటించి వదిలేస్తాను, చాలా డబ్బు మిగులుతుంది" అన్నాడు. దాదాపు సరే అన్నాను. ఎందుకో ఆగి రెండో మనిషిని పిలిపించాను. ఆయన కెమెరా దించితే లోపలి మట్టి పలకల్లో రెండు చోట్ల పగుళ్లు కనిపించాయి. ఆ పగుళ్ల అవతల ఉన్నవి ఇంటి చెక్క దూలాలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఈ ఒక్క విషయంలో బేరమాడకు. ఇన్సర్ట్ మూతి నుంచి చిమ్నీ కొస దాకా ఒకే స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం, అంటే లైనర్, దిగాలి. చాలా ఇన్సర్ట్‌లకి అది 6 అంగుళాల వ్యాసం. పాత చిమ్నీ తెరిచిన మంట కోసం కట్టిన పెద్ద బావిలాంటిది. సన్నగా వచ్చే పొగ అందులో పడితే నెమ్మదించి, చల్లబడి, గోడలకి తారులా అంటుకుంటుంది. అదే క్రియోసోట్. పేరుకుంటే ఒకరోజు చిమ్నీలోనే అంటుకుంటుంది. సన్నటి లైనర్‌లో పొగ వేడి తగ్గకుండా జోరుగా పోతుంది, పొయ్యి బాగా లాగుతుంది. ఏటా బ్రష్‌తో శుభ్రం చేయడం కూడా తేలిక. మీ చిమ్నీ ఇంటి బయటి గోడకి ఉందన్నావు. అయితే లైనర్ చుట్టూ ఇన్సులేషన్ చుట్టించు, లేకపోతే జనవరిలో ఆ ఇటుకలు మంచుగడ్డల్లా ఉండి పొగని చల్లార్చేస్తాయి. డాంపర్ ఉండే చోట లైనర్ చుట్టూ రేకు కొట్టించి, పైన మినరల్ ఊల్ (మంటంటని దూదిలాంటిది) పెట్టించు. దీన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే పొయ్యి వెనక చేరిన వేడంతా పైకెక్కి ఇటుకల్ని కాస్తుంది.

కట్టెల సంగతి. మా అమ్మమ్మ వానాకాలానికి ముందే సరుగుడు కట్టెలు చావిట్లో పేర్పించేది, గుర్తుందా? రెండు కట్టెలు ఒకదానికొకటి తాటించి, ఖణేలుమంటేనే పొయ్యి దగ్గరికి తెచ్చేది. ఆ పరీక్ష ఇక్కడి ఓక్‌కీ మేపుల్‌కీ కూడా పనికొస్తుంది. పచ్చిదైతే బద్దకంగా దబ్‌మంటుంది. ఈ ఆధునిక పొయ్యిలకి పాత పొయ్యిల కంటే పొడి కట్టె ఎక్కువ అవసరం, తేమ 20 శాతం లోపుండాలి. మొదటి ఏడాది నేను సెప్టెంబరులో "బాగా ఎండినవి" అంటే నమ్మి రెండు కార్డ్‌లు దింపించుకున్నాను. కార్డ్ అంటే 128 ఘనపుటడుగులు, నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు పేర్చిన కుప్ప. మంటలో పెడితే చివర్ల నుంచి నీళ్లు నురగలు కక్కాయి, గాజు నల్లబడింది, ఇల్లు వెచ్చబడలేదు. తేమ కొలిచే మీటర్ కొని, ఒక దుంగ చీల్చి ఆ కొత్త ముఖం మీద పెడితే 31 చూపించింది. పైపైన పెడితే 18 చూపించింది, అదే మోసం. ఆ చలికాలమంతా పొయ్యి తప్పనుకున్నాను. మరుసటి ఏడాది అవే కట్టెలు, అదే పొయ్యి, ఎంత తేడానో!

ఏప్రిల్‌లో ఎందుకు రాస్తున్నానో ఇప్పుడర్థమైందా? ఇన్సర్ట్ అక్టోబరులో పెట్టించినా ఫర్వాలేదు. కట్టెలు మాత్రం ఈ నెలలోనే కొని, చీలికలు చేయించి, నేలకి తగలకుండా పలకల మీద పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కల నుంచి గాలాడనివ్వు. ఓక్ వద్దు, దానికి రెండు ఎండాకాలాలు పడుతుంది. యాష్ గానీ, బర్చ్ గానీ అడుగు.

పెట్టె ఎంత పెద్దది? "2,500 చదరపుటడుగులు వెచ్చబెడుతుంది" అని కాగితం మీద రాసుంటే పడిపోకు. అంత పెద్దది మీ హాల్లో పెడితే ఉక్కపోసి గాలి తగ్గించేస్తావు. తగ్గిస్తే మంట మూలుగుతుంది, గాజు మసిబారుతుంది, లైనర్‌లో తారు చేరుతుంది. చిన్నదాన్ని జోరుగా మండించడమే మేలు. మాది 2.2 ఘనపుటడుగుల లోపలి గది. రాత్రి పదింటికి నింపితే తెల్లారేసరికి ఎర్రటి నిప్పులు మిగులుతాయి. పొగని మండించే కాటలిస్ట్ ముక్క ఉన్నవి ఇంకా ఎక్కువసేపు నిలకడగా మండుతాయి, కానీ ఆ తేనెపట్టులాంటి ముక్కని కొన్నేళ్లకోసారి మార్చాలి, తడి కట్టె పెడితే పాడవుతుంది. నీకు గొట్టాల రకమే చాలు.

కరెంటు పోయినప్పుడు ఏం చేస్తుందో తప్పకుండా అడుగు. గోడకి సమంగా ఉండే ఇన్సర్ట్‌లు చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ, వాటి వేడి బయటికి రావాలంటే ఫ్యాన్ తిరగాలి. మీ బాయిలర్‌కీ కరెంటే కావాలి. 2008 డిసెంబరు మంచువాన తుఫానులో ఈ చుట్టుపక్కల కొన్ని ఇళ్లకి వారం దాటినా కరెంటు రాలేదు. మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ దాని గురించే చెప్తాడు. కాస్త ముందుకి పొడుచుకొచ్చి, పైన గిన్నె పెట్టుకునేంత చోటున్నది చూడు. పోయిన ఏడాది రెండు రోజులు కరెంటు పోతే దాని మీదే చారు కాచుకున్నాం. పిల్లలు ఆ రాత్రి హాల్లో పక్కలు వేసుకుని పడుకున్నారు, వాళ్లకది పండగే.

నువ్వు పంపిన ఆ పాత ఇన్సర్ట్ ప్రకటన చూశాను, 1980ల నాటిది. వదిలెయ్. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మొదటిసారి నిబంధనలు తెచ్చిందే 1988లో. 2020 మే 15 నుంచి అమ్మే కొత్తవి గంటకి 2 గ్రాముల కంటే ఎక్కువ పొగధూళి వదలకూడదు, మామూలు చీల్చిన కట్టెలతో పరీక్షిస్తే 2.5. పాతదాని చవక మీ చిన్నపాప ఊపిరి ముందు ఎంత? ఆ మాటకొస్తే, దాని ఆయాసం ఇంకా తగ్గలేదంటే ముందు డాక్టర్ని అడుగు. తలుపు తీసిన ప్రతిసారీ కొంచెమైనా పొగ బయటికొస్తుంది. ఆయన వద్దంటే ఇన్సర్ట్ ఆలోచన మానేసి హీట్ పంప్ (కరెంటుతో ఇల్లు వెచ్చబరిచే యంత్రం) పెట్టించుకోండి. నేనేమీ అనుకోను.

డబ్బు విషయం: నాకు పెట్టెకి 3,400, లైనర్, పని కలిపి 2,900 డాలర్లయింది. ఫెడరల్ పన్నులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు తిరిగొచ్చే సదుపాయం 2025 డిసెంబరు 31తో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోకు. ఊరి ఆఫీసులో పర్మిట్ తీసుకో, ఇన్సూరెన్సు వాళ్లకి ముందే చెప్పు. పడగ్గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టు, అది ఈ రోజే కొను.

ఇప్పుడు టేపు తీసుకుని కొలిచి పంపు: గూడు ముందు వెడల్పు, వెనక వెడల్పు (వెనక ఇరుగ్గా ఉంటుంది), ముందు ఎత్తు, వెనక ఎత్తు, లోతు, ఎదుట రాతి అరుగు ఎంత దూరం ఉందో. వచ్చే శనివారం నేనే మీటర్ పట్టుకుని వస్తాను, కట్టెలవాడి దగ్గరికి కలిసి వెళ్దాం. చెల్లెమ్మని ఆవకాయ ఒక సీసా తీసి ఉంచమను.

నీ
బావ