ముక్కుకి దుప్పటి లేదురా శీనూ

లీడ్స్, ఇంగ్లండ్,
ఏప్రిల్, ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో మాటల మధ్యలో అన్నావు చూడు, "రాత్రిళ్లు ఏసీ 18లో పెట్టుకుని దుప్పట్లు కప్పుకుని పడుకుంటున్నాం, బుజ్జిదానికి మాత్రం తెల్లవారుజామున దగ్గు తగ్గట్లేదు" అని. అమ్మ మందుల హడావుడిలో ఉండి ఊ కొట్టి వదిలేశా. ఫోను పెట్టేశాక ఒకటే ఆలోచన. అందుకే ఇంత ఉత్తరం.

అమ్మ నవంబరులో ఇక్కడికొచ్చింది కదా. మాది పాత ఇటుకల ఇల్లు, కిటికీ సందుల్లోంచి ఈదురుగాలి. 2022లో గ్యాస్ ధరలు మండిపోయినప్పటినుంచీ రాత్రి పదికల్లా ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ హీటింగ్ కట్టేయడం మాకు అలవాటు. అమ్మకి రెండు రగ్గులు, కాళ్లకి మేజోళ్లు, పక్కలో వేడినీళ్ల సంచి. ఇంకేం కావాలి అనుకున్నా. వారం తిరక్కుండానే పిల్లికూతలు మొదలయ్యాయి. అసలే ఉబ్బసం మనిషి.

ఓ రాత్రి లేచి చూస్తే శాలువా చెంగు ముక్కూ నోరూ మూసేలా లాక్కుని పడుకునుంది. "అదేంటమ్మా, ఊపిరాడుతోందా?" అన్నా. "ఒళ్లు వెచ్చగానే ఉందిరా, లోపలికి పోయే గాలే మంచుగడ్డలా ఉంది" అంది. నాకు గుండె కలుక్కుమంది. మర్నాడే థర్మామీటర్ కొని గోడకి తగిలించా. తెల్లారి 5 గంటలకి 12 డిగ్రీలు! కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి. బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు.

డాక్టర్ గారు విడమరిచి చెప్పారు. పీల్చిన గాలి ఊపిరితిత్తుల లోపలికి చేరేలోగా 37 డిగ్రీలకి వేడెక్కాలి, తేమతో నిండాలి. ఆ చాకిరీ అంతా ముక్కుది, గొంతుది. చల్లగాలిలో ఉండే తేమే తక్కువ, అందుకని ఆ వేడినీ తడినీ మన లోపలి పొరల్లోంచే లాగేస్తుంది. పొరలు ఎండి, ఉబ్బసం ఉన్నవాళ్లకి గాలిగొట్టాలు బిగుసుకుంటాయి. ముక్కు దిబ్బడేసి నోటితో పీలిస్తే మరీ కష్టం. చలికి రక్తనాళాలూ ముడుచుకుంటాయట. పొద్దున్నపూట అమ్మకి బీపీ ఎందుకు ఎక్కువుంటోందో అప్పుడు తెలిసింది.

చలిదేశాల్లో ఇంట్లో 18 డిగ్రీలకి తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అప్పట్నుంచీ రాత్రంతా సన్నగా హీటింగ్ ఉంచుతున్నాం. బిల్లు పెరిగింది, పెరగనీ. రెండు వారాలకి అమ్మ రాత్రిపూట లేచి కూర్చోవడం మానేసింది.

ఇక్కడ మేం చలికి భయపడి 18 దగ్గర గీత గీసుకున్నాం. బెజవాడ ఎండల్లో ఉండి నువ్వు ఆ గీత దాకా ఎందుకు దించుతున్నావురా? ఒళ్లు దుప్పట్లో ఉన్నా, బుజ్జిదాని ముక్కు రాత్రంతా ఆ చల్లటి, పొడి గాలే పీలుస్తోంది. మన దగ్గర 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని నిబంధన కూడా పెట్టారు. ఓ వారం 26లో పెట్టి, ఫ్యాను చిన్నగా తిప్పి చూడు. గాలి దాని మొహం మీదికి కొట్టకుండా మంచం జరుపు. ఫిల్టర్ కడిగి ఎన్నాళ్లయింది? అవన్నీ చేస్తూనే పిల్లల డాక్టరుకి కూడా చూపించు. తెల్లవారుజాము దగ్గుని తేలిగ్గా తీసుకోకు.

అమ్మ నెలాఖరుకి వచ్చేస్తోంది. ఇంకో థర్మామీటర్ కొని ఆవిడ చేత పంపిస్తున్నా. బుజ్జిదాని మంచం పక్కన, తలవైపు తగిలించు. తెల్లారి ఎంత చూపిస్తోందో నాకు మెసేజ్ పెట్టు.

నీ
రవి